మా వీధి గుంత

ఎన్నికలకు పది రోజులున్నాయి. ఇంగ్లండులో, లాంకషైర్‌లోని ఒక చిన్న ఊళ్లో, పార్టీ క్లబ్బు వెనక గదిలో పాడ్‌కాస్ట్ రికార్డు చేస్తున్న ఒక ముసలాయన, ఒక ముసలావిడ ఫోన్ రావడంతో మధ్యలో ఆపారు. ముసలాయన మాట్లాడి ఫోన్ పెట్టేశాడు.

"క్లబ్బు కార్యదర్శి, తల్లీ. మన పాడ్‌కాస్ట్‌లోంచి ఆ గుంత సంగతి తీసేయమంటున్నాడు. లేకపోతే ఈ గది తాళం ఇచ్చెయ్యాలట."

"పార్టీ కరపత్రంలో మా వీధిదంటూ మన అభ్యర్థి వేలు చూపిస్తున్న గుంత అసలు మా వీధిది కాదయ్యా. వెనకాల ట్రామ్ పట్టాలున్నాయి. మనూళ్లో ట్రామ్ ఎక్కడ ఏడ్చింది?"

"ఏదో ఒక గుంతేగా! ఎన్నికలొస్తే అందరూ గుంతల పక్కనే ఫోటో దిగుతారు."

"మా ఆయన పడింది ఏదో ఒక గుంతలో కాదు, మా గుమ్మం ముందున్న దాంట్లో. తుంటి విరిగి మళ్లీ లేవలేదు. దాన్ని చూడ్డానికి ఈ పెద్దమనిషి ఒక్కసారైనా వచ్చాడా?"

"నలభై ఏళ్లుగా ఈ పార్టీకే ఓటేశావు కదా."

"ఈసారీ వేస్తానేమో. నోరు మాత్రం మూసుకోను."

"మరి గది?"

"తాళం వాడి మొహాన కొట్టు. మా వంటింట్లో కూర్చుందాం. ఇక్కడి టీ కుడితిలా ఉంటుంది."

"మీ ఇంట్లోనా? బండి వెళ్లినప్పుడల్లా గుంతలో దబ్బున పడే చప్పుడు రికార్డయిపోతుంది."

"అవనీ. కిటికీ కూడా తెరుస్తాను."