మంగాయమ్మింటి వంతు

ఆగాగు! ఆగమంతన్నానా! ఆ గుండిగ కుడితి గోలెంలో ఒంపీయకే మంగాయమ్మా! ఒండినింట ఎవులూ మెతుకు ముట్టనేదంటే మాకు అది సావొచ్చినింటి లెక్క. దించు. కింద పెట్టు.

ఎవులూ రానేదని ఏడుపా? నాను రానేదా? ఈ అసిరమ్మ మనిసి కాదేటి? పీటెయ్యి, ఆకెయ్యి. కబడ్డీ టీము ఏడుగురి తిండీ నానొక్కదాన్నే తినీగలను. కాపరానికొచ్చిన కొత్తలో నాను అన్నానికి కూకుంటే మా అత్త లేచెల్లి బియ్యం కుండ మీద కూకునీది, తెల్సా?

నవ్వవేటి?

పనసపొట్టు కూరా? ఆవెట్టినావా! అదీ గోదారోళ్ళ సెయ్యంటే! వాసన వీధి మొగకాడే తగిలీసింది. నా ముక్కు నాకంటే ముందొచ్చి మీ గుమ్మంలో నిలబడ్డాది.

సూసినానమ్మా, సూసినాను. నీ కొడుకింకా బరికాడే ఉన్నాడు. టీమోళ్ళని బోయినానికి పిలుద్దామని ఎల్లినాడు గదా, పిలవడానికి అక్కడ ఎవులున్నారని? ఒక్కడూ నిలబడి, బొటనేలితో గీత సెరుపుతన్నాడు. నాను పలకరించలేకపోనాను. నాను! రాయిని కూడా పలకరించీదాన్ని!

మీరొచ్చిన కొత్త మరిసిపోనావా? గోదారి నుంచి కొందరు, కిష్ణా నుంచి కొందరు, పోర్టులో పనీ ఉక్కు ప్లాంటులో పనీ అని దిగినారు. మా మేనల్లుడు గురునాథం యువజన సంఘం ఎట్టి, "మీటింగుకి రండి బాబూ, మీరూ సేరండి" అని మీ కోటర్స్ తలుపులు తట్టీవోడు. తట్టి తట్టి ఆడి ఏళ్ళు సగానికి అరిగిపోనాయి. ఒక్కరొచ్చినారా? కిటికీ రెక్క కాసింత తీసి, "ఆయ్, మావారు ఇంట్లో లేరండి" అని మూసీడమే. అలా అన్నది ఎవులో కాదు, నువ్వే!

అప్పుడు ఆడేటి సేసినాడు? మీటింగులు మానీసినాడు. మీ కుళాయి ఎదురుగా ఇసక పోయించి కబడ్డీ బరి గీసినాడు. నీ కొడుకు భీమశంకరం బిందె అట్టుకొని నీల్లకొచ్చి, ఆట సూస్తూ ఉండిపోనాడు. బిందె నిండి, పొర్లి, ఆ నీల్లన్నీ ఎల్లి సముద్రంలో కలిసిపోనాయి. ఓనాడు బిందె అక్కడే వదిలీసి, కూతెట్టుకుంటూ బరిలోకి దూకీసినాడు.

ఏం కూతమ్మా అది! రుషికొండ కాడ పడవలోళ్ళు తిరిగి సూసినారంట. మా కొండలు, నా మనవడు, ఎల్లి ఆడి కాళ్ళు పట్టీసినాడు. ఇద్దరూ ఇసకలో దొర్లినారు. లేచినప్పుడు ఎవుడు గోదారోడో ఎవుడు మా ఊరోడో కన్నతల్లులకే తెలవనేదు. ఆ దినం నుంచి ఒకడి నీడలో ఇంకోడు.

"పిల్లగుంటలు ఆడితే సాలదత్తా, తల్లులు ఒకరి కుండ ఒకరు సూడాల" అన్నాడు గురునాథం. అలా గదా ఈ వంతు మొదలయ్యింది! ఆదివారం ఆటయ్యాక టీమంతా ఒకింట్లో బోయినం. ఓ వారం మా నిర్వాసితుల కాలనీలో, ఓ వారం మీ కోటర్సులో. మా ఇంటి వంతుకి నువ్వు కొడుకెనకాల కాపలాకొచ్చినావు. సోడంబలి, అదే రాగంబలి, సూసి సీరకొంగు ముక్కుకి అడ్డమెట్టుకున్నావు. మరి ఆ మరుసటేడు నా గుమ్మంలోకొచ్చి, "పెద్దమ్మగారూ, కాస్త చోడిపిండి ఉందాండి?" అన్నదెవులు?

ఇంకాస్త ఎయ్యి. పిసినారి సెయ్యి ఎట్టకు.

ఇప్పుడేటయ్యిందని? నీ కొడుక్కి ప్లాంటులో ఉద్యోగమొచ్చింది, మా ఓడికి రానేదు. అంతే కదా?

అంతే అనీసినాను సూడు. అంతే కాదు తల్లీ. ఆ ప్లాంటు కింద మా జీడితోటుంది. పోయిన భూమికి బదులు ఇంట్లో ఒకడికి ఉద్యోగమొస్తాదని సూసి సూసి మా ముసిలోడు ఎల్లిపోనాడు. ఆ సూపు కొండలుకి అప్పజెప్పి మరీ ఎల్లినాడు. "భూమి మాది, ఉద్యోగం ఆడిదా? ఆళ్ళింట మెతుకు ముట్టకండ్రా" అని నిన్న బరికాడ అరిసినాడు మా ఓడు. మా కాలనీ గుంటలు తలూపినారు. మీ కోటర్సు గుంటలు బయపడి ఇళ్ళల్లో దూరినారు.

నీ కొడుకు దొంగిలించినాడేటి? ఐటీఐ సదివినాడు, పరీచ్చ రాసినాడు, తెచ్చుకున్నాడు. ఆ సంగతి కొండలుకీ తెల్సు. తెలిసినోడి కోపమే బేగి ఆరదమ్మా.

ఏటీ? సీతమ్మధారలో ఇల్లు సూసినాడా మీ ఆయన? ఆ ట్రంకుపెట్టెలు అందుకేనా దించినారు?

ఎల్లిపోతే బరి ఉంటాదా మంగాయమ్మా? నాలుగు ఆదివారాలు ఎవులూ ఆడకపోతే ఇసకలో పల్లేరు మొలుస్తాది. మల్లీ మీ కిటికీలు మీవి, మా అరుగులు మావి. పొద్దున్న గురునాథం వచ్చి నా అరుగు మీద కూకున్నాడు. దున్నలాటి మనిసి, మీసాలున్నోడు, ఎక్కెక్కి ఏడ్సినాడు. "కోపమొస్తే ఆటలో పోద్దనుకున్నానత్తా" అంతాడు. ఎర్రిబాగులోడు. భూమి పోయిన కోపం ఆటలో ఎక్కడ పోతాది?

మంచినీల్లు ఇలాగియ్యి. మెతుకు దిగడం నేదు.

నీ వంట బాగులేక కాదే.

మొన్న నీ కొడుకు ఆ ఆర్డరు కాయితం అట్టుకొని ముందు మా ఇంటికే వచ్చినాడు. నీకు సెప్పినాడా? కొండలు గోడ వైపు తిరిగి పడుక్కున్నాడు, లెగనేదు. నీ కొడుకే వచ్చి నా కాళ్ళకి దండమెట్టినాడు. "సల్లగుండు నాయనా, వెయ్యేళ్ళు బతుకు" అన్నాను.

నాను ఆడిన అబద్దాలు పోగేస్తే డాల్ఫిన్ కొండంత అవుతాయి, ఊరందరికీ తెల్సు. అన్నీ మీరు నవ్వాలని ఆడినవే. అదొక్కటే నవ్వడానికి ఆడింది కాదు. నోరు సల్లగుండు అంటాంది, కడుపులో మాత్రం జీడితోట మొదలంటా తగలడిపోతాంది. ఆడి నెత్తి మీద ఎట్టిన సెయ్యి ఎప్పుడు తీసీద్దామా అని సూసినాను.

అలా సూడకు. సెప్పడానికే వచ్చినాను. ఎవులూ రాని ఇంటికి ఎవులో ఒకరు రావాలని వచ్చినాను, అదీ నిజమే.

తినమంటే తింతాను తల్లీ. ఆడికొచ్చిందని సంతోసపడమంటేనే... ఇంకా రావడం నేదు. ఏం సేస్తాం.

కూరెయ్యి.