తెగింపు ఎవరిది

గురజాల, 1987. మండల ఎన్నికల ప్రచారం సాగుతోంది. తెలుగు లెక్చరర్‌గా రిటైరైన హనుమయ్య గారి వరండాలోకి, కరపత్రం దిద్దించుకోవడానికి పాత విద్యార్థి యల్లమంద వచ్చాడు.

“ఆ మాట కొట్టేశారేంది మాస్టారూ? ‘మన నాయకుడి తెగింపు’ అని ఎంత బాగా రాసుకొచ్చాం!”

“అది తెగింపు కాదు యల్లమందా. దుస్సాహసం.”

“రెండూ ఒకటేగా?”

“తన ప్రాణం ఒడ్డితే తెగింపు. పక్కవాళ్ళ ప్రాణం ఒడ్డితే దుస్సాహసం. క్లాసులో చెప్పాను, నువ్వు కిటికీలోంచి చూస్తున్నావు. టీ తాగు. మా ఆవిడ పోయాక నేనే పెడుతున్నా, ఓర్చుకో.”

“బాగానే ఉందిలెండి. కాగితం సంగతి...”

“రేపు ఊరేగింపు అవతలి వాళ్ళ బజారులోంచే పోవాలా?”

“పోవాల్సిందే. మేం వస్తన్నామంటే వాళ్ళే తలుపులేసుకుంటారు.”

“వేసుకోకపోతే?”

“ఏసుకుంటారు.”

“వాళ్ళు నాటుబాంబులు చుట్టారని ఊరంతా అంటోంది. వేసుకోకపోతే?”

“అందుకేగా ముందు వరసలో ఆడాళ్ళని పెట్టింది! హారతి పళ్ళేలతో. ఆడాళ్ళ మీద ఎవుడేస్తాడు?”

“ఛీ! నోట్లో టీ కూడా చేదెక్కింది. ఎవరిదా ఆలోచన?”

“నాయకుడిదే.”

“ఆయన ఏ వరసలో ఉంటాడు?”

“జీపులో... చివర.”

“ఆయన భార్య?”

“ఆమెకి ఒంట్లో బాగాలేదంట.”

“నాగేంద్రమ్మ?”

“చక్కెర చానా తక్కువేశారు మాస్టారూ.”

“నీ పెళ్ళాం సంగతి అడుగుతున్నానురా.”

“ముందే. నడిమధ్యన. పెద్ద పళ్ళెం ఆమెకే ఇచ్చారు. గౌరవంగా ఇచ్చినప్పుడు కాదంటే ఎట్టా? పిరికోడంటారు నన్ను.”

“నిన్న అవతలి వాళ్ళూ వచ్చారు. ఆ కుర్చీలోనే కూర్చున్నారు. వాళ్ళ కరపత్రంలోకీ తెగింపు అన్న మాటే కావాలంట. బజారు మొగదల్లో మీకు అడ్డం నిలబెట్టేది ఆడాళ్ళనేనంట.”

“ఏందీ? ఆడాళ్ళకి ఎదురు ఆడాళ్ళా? మరి వాళ్ళ నాయకుడి భార్య?”

“పొద్దున బస్టాండులో చూశాను. గుంటూరు బస్సెక్కింది. పక్క సీట్లో మీ నాయకుడి భార్య. ఇద్దరూ ఒక జామకాయ విరుచుకుని తింటున్నారు. ఆ ఇద్దరినీ అట్లా చూస్తే మాత్రం, ఎందుకోరా, ప్రాణం కాస్త తెరిపిన పడింది.”

“మాస్టారూ.”

“ఊఁ.”

“నాగేంద్రమ్మకి ఇంకో బస్సుందా?”