నిండుగా తిరిగొచ్చిన గిన్నె

ఘనా తీరాన ఉన్న తేషీలో మంగళవారం పొద్దున. మూడు నెలల కిందట మూతబడ్డ చేపల హోటలు యజమానురాలు అమెర్లే, కూతురి ఇంటి పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురుగా, ఒడిలో మూత పెట్టిన గిన్నెతో పాత నేస్తం కోర్కోర్.

“మొన్న ఉల్లిపాయ ముందు వెయ్యమన్నావు. ఇవాళేమో టమాటా ముందంటున్నావు. ఏది నిజం అక్కా?”

“రెండూ నిజమే. నేనెప్పుడైనా చూసుకుని వేశానా? చెయ్యి ఎటు పోతే అది పడేది.”

“పదకొండు రోజుల్నుంచీ ఇదే మాట. పదకొండు రోజులూ గిన్నె అట్లాగే తిరిగొచ్చింది. మూత తీసి చూడు. ముక్క కూడా కదల్లేదు.”

“ఏదీ, ఇటివ్వు. ఊఁ. మరీ అంత ఘోరంగా ఏం లేదే.”

“అయితే మా ఆయన ఎందుకు తినడు?”

“మగాళ్ళంతా విడిగా ఉండే ఆ ఇంట్లో ఎవరో ఏదో పెట్టుంటారు. అంతమంది అన్నదమ్ములున్న లోగిలి.”

“ఎవరి పెళ్ళాం పంపింది వాళ్ళు తింటున్నారు. నా గిన్నె మటుకు అరుగు మీద ఈగలు తోలుకుంటోంది. అందరూ చూస్తున్నారు అక్కా.”

“చూస్తే చూడనీ. కాస్త నీళ్ళు తాగు. మంగళవారం వస్తే నాకేమీ తోచదే. సముద్రం మీదికి పోగూడదు కదా, మగాళ్ళంతా మన బల్లల మీదే. మొక్కజొన్న ముద్ద కెంకె పొట్లాలు విప్పేవాళ్ళు విప్పుతూ, మిరపకాయ నూరేదాన్ని తొందరపెట్టేవాళ్ళు తొందరపెడుతూ. చేప తలకాయ కోసం లాంప్టే, ఓడోయ్ ఇద్దరూ కొట్టుకున్న రోజు గుర్తుందా?”

“గుర్తుంది. తలకాయ నువ్వే తినేశావు.”

“మరి? తగువులో పడ్డ ఆస్తి తీర్పు చెప్పినవాళ్ళకే. మూడో బల్ల చివర మీ ఆయన టెట్టే, గోడకి ఆనుకుని. నవ్వలేక పొలమారింది ఆయనకి.”

“అక్కా, నేను పులుసు కోసం వచ్చాను.”

“ఆ గోడైనా ఉంచారా, రోడ్డు వెడల్పు చేసినవాళ్ళు? పొగచూరి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. నా పెళ్ళినాటి గోడ.”

“పులుసు, అక్కా.”

“చెప్పానుగా. కవళ్ళ చేపలు కాల్చి పెట్టుకుని, వంకాయలు ఉడకబెట్టి నూరి...”

“పామాయిలు ఎప్పుడు?”

“చివర్లో.”

“నిన్న మొదట్లో అన్నావు.”

“అయితే మొదట్లోనే వెయ్యి.”

“నీకు వేళాకోళంగా ఉంది. నలభై ఒక్క ఏళ్ళు నీ హోటలు వెనక తలుపు దగ్గర నిలబడి, నీ పులుసు నా గిన్నెలో పోయించుకుని, నేనే వండానని పంపాను. మొగుడికో ఇల్లు, పెళ్ళానికో ఇల్లు ఉండే ఊరు కాబట్టి సాగింది. హోటలు మూసినా, నువ్వు కిందపడి తుంటి దెబ్బతినేదాకా నా గిన్నె మటుకు ఇంట్లో వండి పోశావు. కాదనను. ఆయన తిని ‘మా కోర్కోర్ చెయ్యి’ అని పదిమందిలో చెప్పుకునేవాడు. వింటుంటే నాకు తల దించుకోవాలనిపించేది.”

“తల దించుకునే పంపావుగా.”

“ఏం చెయ్యను? పెళ్ళయిన కొత్తలో నేను వండింది మా అత్తగారు కోళ్ళకి పోసింది. కోళ్ళు కూడా పక్కకి తప్పుకున్నాయి. పగలు ఆయన నీ హోటల్లో తినేది వేపుడు చేపా కెంకే. పులుసు నువ్వు బల్ల మీద పెట్టవు. ఇంక కనిపెట్టలేడని నా ధైర్యం.”

“ఊఁ.”

“ఏమిటా ఊఁ?”

“ఏం లేదు. తుంటి నొప్పి.”

“మా పిన్నికీ ఇట్లాగే గిన్నె నిండుగా తిరిగొచ్చింది. నెల తిరక్కుండా బాబాయి తరపువాళ్ళు వచ్చి తెగతెంపులు మాట్లాడిపోయారు. గిన్నె తిప్పి పంపాక ఇంక నోటితో చెప్పేదేముంది? నాకు అరవై ఏడు. పెద్ద కూతుర్ని మట్టిలో పెట్టాం. నడిపివాణ్ణి సముద్రం తిరిగివ్వలేదు. ఆ రెండిటికీ పక్కన నిలబడ్డ మనిషి ఆయనొక్కడే. ఆయన కూడా ఇప్పుడు...”

“ఊరుకోవే. అట్లాంటిదేం కాదు.”

“నీకెట్లా తెలుసు?”

“తెలుసు.”

“అదే, ఎట్లా? ఆ పులుసులో ఏదో వేసేదానివి, నాకు చెప్పడం లేదు. హోటలే పోయింది, ఇంక ఎవరికోసం దాచుకుంటావు?”

“దాచింది పులుసులో లేదు.”

“మరి ఎక్కడుంది?”

“మాటిచ్చాను. అడక్కు.”

“ఎవరికి?”

“అడక్కన్నానా.”

“ఎవరికి మాటిచ్చావు అక్కా?”

“మీ ఆయనకి.”

“ఆయనకీ నీకూ మధ్య మాటలేమిటి?”

“ఛీ, నీ మొహం. విను. పగలు తిని లేచి చెయ్యి కడుక్కుంటూ రోజూ చెప్పేవాడు. ‘సాయంత్రం గిన్నెలో ఉప్పు తగ్గించు, కాలు వాచింది’ అని. ‘ఇవాళ కోర్కోర్‌కి జ్వరం, మనిషిని నిలబెట్టకు, ముందే తీసి ఉంచు’ అని. నువ్వు తలుపు దగ్గరికి వచ్చేసరికి మూత పెట్టి సిద్ధంగా ఉండేది, ఎందుకనుకున్నావు?”

“ఎప్పట్నుంచి?”

“మొదటి నెలనుంచీ.”

“మొదటి నెల. మరి పదిమందిలో నా చెయ్యి అని...”

“నాకేసి కన్నుగీటి మరీ చెప్పేవాడు. నీకు తెలియనివ్వొద్దని ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతుందన్నాడు.”

“అన్నీ తెలిసినవాడు ఇప్పుడెందుకు తిప్పి పంపుతున్నాడు?”

“నిన్న కర్ర పట్టుకుని ఇంతదూరం వచ్చాడు. నీ మీద మండిపడుతున్నాడు. ‘నువ్విట్లా మంచాన పడ్డావో లేదో, ఇంకో హోటలుదాని దగ్గరికి పరిగెత్తింది. ఇన్నేళ్ళు తిన్న చేతి మీద విశ్వాసం ఉండొద్దా? ఆ చెత్త నేను ముట్టను’ అని.”

“ఇంకో హోటలా? ఇది నేనే వండుతున్నానని చెప్పొచ్చుగా నువ్వు.”

“ఎట్లా చెప్పను? నీకూ మాటిచ్చానుగా, వంట నేర్పుతున్నట్టు ఎవరితోనూ అననని. మీ ఇద్దరి ఒట్ల మధ్యా నా ప్రాణం పోతోంది.”

“ఇంకేమన్నాడు?”

“పోనీలే.”

“చెప్పక్కా.”

“గేటుదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు. ‘ఊళ్ళోవాళ్ళ వంటలన్నీ మోసుకొచ్చే బదులు, ఒక్కసారి తన చేత్తో వండి పంపమను. ఎట్లా ఉన్నా తింటాను’ అన్నాడు.”