ఉదయగిరి కొండెక్కిన నురగ

"నమ్మనోడు ఎవుడన్నా ఉంటే ఇప్పుడే లేచి పోవచ్చు. మధ్యలో లేస్తే మాత్రం ఊరుకోను," అన్నాడు వహాబ్, టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి.

ఎవురూ లెయ్యలా. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా పీర్ సాహెబ్ టీ కొట్లో మధ్యాహ్నం పూట లేచి ఎక్కడికి పోతారు, బయట ఎండ నెత్తి మాడస్తా ఉంటే.

వహాబ్‌కి ఇది ఊసుపోక చెప్పే కథ కాదు. ఆయన పనిచేసేది రోడ్డుకి అవతల జనార్దనయ్య కరెంటు సామాన్ల కొట్లో. పోయినేడు జనార్దనయ్య మద్రాసు పోయి, ఎవురింట్లోనో వాషింగ్ మిషన్ చూసి మనసు పారేసుకొని, ఒకటి తెప్పించి అద్దాల వెనక పెట్టినాడు. ఎనభై ఆరులో ఆత్మకూరులో అది పెద్ద వింత. జనం వచ్చి చూస్తారు, తట్టి చూస్తారు, "దీంట్లో దోసెపిండి రుబ్బుకోవచ్చా" అని అడుగుతారు, పోతారు. కొన్నోడు ఒక్కడు లేడు. ఈ పొద్దు జనార్దనయ్య తేల్చేసినాడు. సాయంత్రం పెంచలయ్య లారీలో మిషన్ నెల్లూరికి వాపసు పోతాది, దాన్ని అమ్మి చూపిస్తానని ఏడాది పాటు కోతలు కోసిన వహాబ్ కూడా దాంతోపాటే పోవచ్చు, ఇంక కొట్టుకి రాబళ్లేదు అని.

ఆ లారీ పెంచలయ్య ఎదురుగానే కూర్చోని బోండా తింటా ఉండాడు. పక్క బల్ల మీద ఉదయగిరి నిమ్మతోటల వరదయ్య, ఆయన భార్య దేవకమ్మ. ఇందాకే వాళ్లు కొట్టుకొచ్చి టేబుల్ ఫ్యాన్ కొన్నారు, మిషన్ సాయంత్రం నెల్లూరికి పోతాదని కూడా ఆడనే విన్నారు. దేవకమ్మ మిషన్ మూత ఎత్తి చూసింది, దించింది, మళ్లా ఎత్తింది. వరదయ్య మీసం దువ్వుకొని, "చేతులుండంగా మిషనెందుకే" అని ఆమెని బయటికి తోలకొచ్చినాడు. వాళ్ల బస్సు వచ్చేలోపల ఆ మీసాన్ని ఒప్పించాల. అందుకే వహాబ్ కథ పెంచలయ్యకి చెప్తున్నట్టు చెప్తా, గొంతు మాత్రం పక్క బల్లకి అందేటట్టు పెట్టినాడు.

"మొట్టమొదట చేజర్ల పోయినానా, మిషన్ని బస్సు టాపు మీద కట్టుకొని..."

"నేను నెల్లూరు నుంచి తెచ్చినప్పుడు లోపల కుక్కిన తెల్ల అట్టముక్కలు ఇంకా అట్నే ఉండాయే," అన్నాడు పెంచలయ్య.

"మళ్లా కుక్కినాను. నగల డబ్బాలో దూది పెట్టరా? అట్లా. నువ్వు బోండా తిను. చేజర్లలో ఒక రైతు, మడి దున్ని దున్ని ఆయన పంచె ఏ రంగుదో ఆయనకే గుర్తులేదు. ఆయన పెళ్లాం, ఇది ఉతికేది కాదు, పూడ్చేది అనింది. నేను నవ్వినాను. చూడమ్మా, రెండు తొట్లు, ఒకదాంట్లో ఉతుకుడు, ఇంకోదాంట్లో పిండుడు. నానబెట్టేది, ఉతికేది, జాడించేది, పిండేది, ఒక్కో విడతకి సైకిల్ అని పేరు. రాయి మీద బాదినట్టు అన్నిటికీ ఒకటే దెబ్బ కాదు, గుడ్డని బట్టి మర్యాద అన్నాను. పంచెకి నార్మల్ పెట్టినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పంచె తెల్లగయింది," అన్నాడు పీర్ సాహెబ్, పాలు తిరగబోస్తా.

"తెల్లగంటే ఎట్టా తెలుపు మామూ? దండెం మీద ఆరేస్తే మడిలో కొంగలన్నీ లేచొచ్చి దాని పక్కన వరసగా కూర్చున్నాయి, మా చుట్టమే అనుకొని. సాయంత్రం అవి లేస్తే పంచె కూడా లేచింది. పట్టుకునేదానికి నలుగురు పరిగెత్తినారు."

వరదయ్య మీసం కదల్లా. వహాబ్ కంటి చివరి నుంచి చూసి, ఇంకొంచెం గట్టిగా తిప్పాల అనుకున్నాడు.

"అది మామూలు సంగతి. వింజమూరులో ఒక అవ్వ. పెళ్లినాటి పట్టుచీర, పట్టుకుంటే పొడి రాలతాది. దానికి జెంటిల్. పట్టుకి, పసిబిడ్డల గుడ్డలకి అదే పెట్టాల. నీళ్లు కూడా గుడ్డని అడిగి ముట్టుకుంటాయి. అవ్వ చూసుకోలా, చీర మడతలో కోడిపిల్ల దూరి ఉండాది. నేను బొత్తాం తిప్పేసినా. అయిపోయినాక మూత తీస్తే చీర నిగనిగా, దాని మీద కోడిపిల్ల గుర్రుపెట్టి నిద్రపోతా ఉండాది. ఈకలు దువ్వినట్టు ఉండాయి. ఇప్పుడా కోడి రోజూ పొద్దున ఒచ్చి మిషన్ ముందర నిలబడతాది, నన్నెప్పుడు ఉతుకుతావు అని."

"మిషన్ ఈడ అద్దాల వెనక ఉంటే, కోడి వింజమూరు నుంచి ఎట్టొస్తాదిరా?"

"బస్సులో. డ్రైవరు దానికి టికెట్ అడగడు. అడ్డు తగలబాక పెంచలన్నా, అసలుది ఇప్పుడొస్తాది. కొండాపురం."

దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వహాబ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆమె నవ్విందంటే సగం బేరం అయినట్టే.

"కొండాపురంలో ఒక నాయకుడు. పేరు చెప్పను, చెప్తే మీరే లేచి దండం పెడతారు. ఆయన ఖద్దరు చొక్కా ఎన్ని తూర్లు చాకలికేసినా మసకే. స్ట్రాంగ్ పెట్టినాను. దుప్పట్లకి, బొంతలకి, నాయకులకి స్ట్రాంగే. అడుగున చక్రం ఒకసారి ఇటు, ఒకసారి అటు, తిరగతా ఉండాది. నీళ్ల గొట్టం మోరీలో పెట్టినా. ముందు మట్టి వచ్చింది. తర్వాత ఒక పార్టీ రంగు వచ్చింది. దాని తర్వాత ఇంకో పార్టీ రంగు. మూడోది వచ్చేసరికి ఊరంతా మోరీ కాడికి చేరింది. అదేం పార్టీనో ఎవురికీ తెలియలా, ఆయనొక్కడే తల వంచుకున్నాడు."

పీర్ సాహెబ్ నవ్వుకి పాలు స్టవ్ మీద ఒలికినాయి.

"చొక్కా మాత్రం మల్లెపూవు. అది తొడుక్కొని ఆయన మీటింగుకి పోయినాడు. మైకు ముందర నిలబడితే నోట్లో నుంచి అబద్ధం రాదు. రోడ్డేస్తారా అంటే వెయ్యను అన్నాడు. నీళ్లిస్తారా అంటే నాకే లేవు అన్నాడు. డిపాజిట్ పోయింది. అప్పటి నుంచి నాయకులెవురూ నన్ను గడప తొక్కనియ్యరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిన్నెవురో తన్నినారు," అన్నాడు పెంచలయ్య.

"ఉదయగిరి పోయినాను." ఆ ఊరి పేరు చెప్పి వహాబ్ ఒక్క క్షణం ఆగినాడు. వరదయ్య మొదటిసారి ఇటు తిరిగినాడు. అదీ, దొరికినాడు అనుకొని వహాబ్ ఇంక కళ్లెం వదిలేసినాడు. "ఉదయగిరిలో బజారంతా చూస్తా ఉండాది. ఊరి గుడ్డలన్నీ తెచ్చి పోసినారు. ఒక పిడికెడు పొడి వేసినా, ఒక్క పిడికెడే, అల్లా తోడు. బొత్తాం తిప్పినా. నురగ తొట్టి నిండింది, గది నిండింది, వాకిట్లోకొచ్చింది, బజార్లో పడింది. మొలలోతు. కావలి బస్సు ఆగిపోయింది, కండక్టరు రైట్ రైట్ అంటాడు, బస్సెక్కడుండాదో ఆయనకే కనపళ్లా. నురగ అక్కడ ఆగిందా? కొండెక్కింది. దుర్గం గోడలు దాటింది. పైన మేకలు మేపుకునేవాళ్లు నల్ల మేకల్ని తోలకపోయి తెల్ల మేకల్ని తోలకొచ్చినారు, ఇవి మావి కాదని ఇంట్లో పెళ్లాలు తలుపులు తియ్యలా. అప్పుడు నేను గుడ్డలు రెండో తొట్లో వేసి పిండే బొత్తాం తిప్పినా. అది ఎంత వేగంగా తిరిగిందంటే, కరెంటు తీగలో నుంచి మిషన్లోకి రావాల గదా, మిషన్లో నుంచి తీగలోకి పోయింది. ఊర్లో దీపాలన్నీ వాటంతటవే వెలిగినాయి. లైన్‌మన్ పరిగెత్తుకొచ్చి కాళ్లు పట్టుకున్నాడు, స్వామీ ఆపు, అనంతసాగరం దాకా బల్బులు పగిలిపోతా ఉండాయి అని. కొండ మాత్రం వారం రోజులు తెల్లగా..."

"మా ఊరి నీళ్లకా?" అనింది దేవకమ్మ.

మెల్లగానే అనింది గానీ, వహాబ్ గొంతు ఎవురో కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.

"మా ఊరి బోరు నీళ్లలో సబ్బు అరుగుతాది గానీ నురగ రాదు నాయనా. కాపరానికి వచ్చినప్పటి నుంచి ఉతుకుతా ఉండా, గోరంత నురగ చూళ్లా. నీకు కొండంత ఎట్టొచ్చింది?"

పెంచలయ్యకి బోండా అడ్డం పడి, పీర్ సాహెబ్ వచ్చి ఆయన వీపు చరచాల్సి వచ్చింది. బల్లలన్నీ నవ్వినాయి. వరదయ్య ఫ్యాన్ డబ్బా చంకన పెట్టుకొని బస్సు కోసం రోడ్డు వైపు చూసినాడు. వహాబ్‌కి ఆ డబ్బా వెనకే సాయంత్రం లారీ కనపడింది.

"నురగతో పనిల్యా అక్కా," అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. "ఆ నీళ్లకి నానబెట్టే విడతే ప్రాణం. బట్టల సోడా వేసి ముందే నానేసి, జాడించేది మాత్రం ఇంకోతూరి జాడిస్తే..."

"ఇదెవురు చెప్పినారు, కోడిపిల్లా?" అన్నాడు పెంచలయ్య.

ఇంతలో టీ కొట్టు పక్క సందులో నుంచి ఒక కేక. వహాబ్ భార్య చాంద్‌బీ, మెళ్లో కొలత టేపు, వేళ్ల మధ్య సూది. జాకెట్లు కుట్టి కుట్టి విసిగిన మొహం.

"ఏమయ్యో, బకెట్లో గుడ్డలు నానేసి టీ తాగొస్తానని పోతివి. ఎప్పుడు ఉతికేది, ఎప్పుడు ఆరేసేది?"

బల్లలన్నీ ఒక్కసారి అటు తిరిగినాయి. దేవకమ్మ లేచి నిలబడింది.

"మీ ఇంట్లో గుడ్డలు ఈయనే ఉతుకుతాడా అమ్మా?"

"ఇంకెవురు? నేను కుట్టు మిషన్ మీద నుంచి లేస్తే జాకెట్లు ఎవురు కుడతారు? పెళ్లైనకాడి నుంచి ఈయనే. నోరే ఎక్కువ గానీ బాగా ఉతుకుతాడు. పిండేటప్పుడు మాత్రం పక్కన నిలబడబాకండి."

వహాబ్ టీ గ్లాసులోకి చూసుకున్నాడు. అందులో టీ లేదు.

దేవకమ్మ మొగుడి వైపు తిరిగింది. తీరిగ్గా, కింద నుంచి పైకి చూసింది. మీసం కాడ ఆగింది.

"చేతులుండంగా మిషనెందుకంటివి గదా. నిజమే. నీకూ ఉండాయి రెండు. ఈ మిషను నెల్లూరికి పోనీ, రేపటి నుంచి నువ్వు..."

వరదయ్య ఆ మాట పూర్తి కానీలా. ఫ్యాన్ డబ్బా బల్ల మీద దించి రోడ్డు దాటబోతా, "వహాబూ, ఆ మిషన్ లారీ ఎక్కనియ్యబాక. పద, జనార్దనయ్యతో మాట్లాడదాం," అన్నాడు.

వహాబ్ ఎగిరి లేచినాడు. అంతసేపు చచ్చిన గొంతు మళ్లీ ప్రాణం పోసుకుంది. "అట్టరా అన్నా. ముందు సైకిల్స్ అన్నీ వివరంగా చెప్తాను, ఒకసారి ఏనుగుని తొట్లో..."

"చెప్పబాక. బిల్లు రాయించు."

"ఒక్క మాట అన్నా, ఆ ఏనుగు..."

"వస్తావా, రావా?" అనింది చాంద్‌బీ సందులో నుంచి. "బకెట్లో నురగంతా దిగిపోయింది."