మెంతిమడికి వచ్చిన దుప్పి

టూవూంబాలో పాండురంగ ఇంటి వెనక వరండా. ఆదివారం మధ్యాహ్నం. బార్బెక్యూ పొయ్యి మీద మొక్కజొన్న కంకులు కాలుతున్నాయి. నంద్యాల నిస్సార్ అహ్మద్ ఇక్కడి ఆస్పత్రిలో ఫార్మసిస్టు. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి కళ్ళు సగం మూశాడంటే కథ మొదలైనట్టే. పక్కన ఆయన భార్య నసీమా కీరకాయలు తరుగుతోంది. ఎదురుగా, యూనివర్సిటీలో కొత్తగా చేరిన లెక్చరర్ విష్ణువర్ధన్.

"పెద్ద పనేం కాదు విష్ణూ. చిన్న మడి. ఈ టేబుల్‌కు నాలుగింతలుంటాది, అంతే. ఊరికి అరగంట దూరంలో గ్రాహం అని ముసలాయన అవకాడో మొక్కలు పెట్టినాడు. దుప్పులొచ్చి చిగురన్నది మిగలనీయకుండా మేస్తాండాయి. 'నీకు రైఫిల్ లైసెన్స్ ఉండాది కదా మేట్, రెండిటిని కాల్చిపెట్టు, మాంసం నువ్వే తీసుకో' అన్యాడు. సరే అన్యా. అయితే దుప్పి వెనక మనం పరిగెత్తకూడదు నాయనా, దుప్పే మన దగ్గరికి రావాల. దానికి విందు పెట్టాల. అడవి అంచున ఎర్రమట్టి గుల్లచేసి ఓట్స్, అలసందలు, క్లోవర్ గడ్డి చల్లినా. ఆఖర్న ఏం చల్లినానో తెలుసా? మెంతులు! మా నసీమా డబ్బాలోవి."

"అడగకుండా," అంది నసీమా.

"అడిగితే ఇస్తావా? ఇంగ విను విష్ణూ. చల్లి చేతులు దులుపుకున్యానో లేదో వాన. ఊరంతా ఎండ, నా మడి మీద మాత్రం వాన, టేబుల్ మీద గుడ్డ పరిచినట్టు కొలతకు సరిగ్గా! మూడో దినానికి మెంతి మోకాలెత్తు."

"మూడు దినాలకేనా భాయ్?" కంకులు తిప్పుతూ అడిగాడు పాండురంగ.

"టూవూంబా ఎర్రమట్టప్పా అది! నాలుగో దినానికి నడుమెత్తు. ఆ వాసన ఉండాది సూడు, పొగమంచు చెయ్యి పట్టుకుని మెల్లగా కొండ దిగిపోయింది. కొండ కింద ఇప్స్‌విచ్‌లో ఒకామె కిటికీ తెరిచి, 'ఎవరింట్లో పప్పు ఉడుకుతాంది?' అని అడిగిందంట."

"తెలుగామేనా అంకుల్?"

"కాదు నాయనా, తెల్లామె. అదీ ఆ వాసన! శనివారం తెల్లవారుతానే పోయి యూకలిప్టస్ కింద కూర్చున్యా. మంచు ఎట్లుండాదంటే, చెయ్యి చాపితే వేళ్ళు మునిగిపోయి మళ్ళీ తేల్తాండాయి. పైన ఆకు మీంచి బొట్టు జారితే, ఆ చప్పుడు చానాసేపటికి గానీ కిందికి రాదు. టైము కూడా తడిసి బరువెక్కినట్టే ఉండాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు లోపల ఒక కొమ్మ కదిలె. చెట్టనుకున్యా. ఆ చెట్టు నడుచుకుంటా వచ్చె."

"దుప్పా?"

"దాని కొమ్ములు! ఈ కొస నుంచి ఆ కొసకు పన్నెండడుగులు."

"పోయిన వారం ఆరడుగులన్నవ్," అన్నాడు పాండురంగ.

"పోయిన వారం నాకు సగమే గుర్తొచ్చె. కొమ్ముల సందుల్లో మ్యాగ్‌పై పిట్టలు గూళ్ళు పెట్టుకోని సంసారాలు చేస్తాండాయప్పా! దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. డెబ్బై! చప్పుడు లేకుండా, గాలిలో అడుగేసినట్టు వస్తాండాయి."

"రైఫిల్ ఎత్తారా అంకుల్?"

"ఎత్తినా. అంతలో ఆ పెద్దది నా ముందుకొచ్చి తల వంచె. ఎక్కమని! ఎక్కినా. కొమ్ము మీద కొమ్ము, మెట్లెక్కినట్టు. మంచు దాటి పోతే పైన ఎండ. కింద దేశమంతా తెల్లటి పరుపు. ఒక పక్క ఎక్కడో దక్షిణాన ఉండే హెలెన్స్‌బర్గ్ గుడి గోపురం మంచులోంచి తేల్తాండాది. ఇంకో పక్క ఉత్తరం కొసన డార్విన్‌లో రేకుల మీద వాన పడే చప్పుడు ఈ చెవులతో విన్యా. ఆ కొమ్ము చివర కూర్చుంటే ఏం గాలి, ఏం గాలి! ఊయల మాదిరి ఊగి ఊగి నిద్రపోయినా. ఎన్ని దినాలు పడుకున్యానో నాకే తెల్దు."

"మరి సోమవారం డ్యూటీకి పోలేదా భాయ్?"

"దుప్పే తీస్కపోయి దించె. ఆస్పత్రి కార్ పార్కులో."

నసీమా కత్తి పక్కన పెట్టింది. "విష్ణూ, ఆ దినం నేనూ పోయినా. ఫ్లాస్కులో చాయ్ పట్టుకోని ఈయన వెనకే కూర్చున్యా. వచ్చింది ఒకటే దుప్పి. దానికి కొమ్ముల్లేవు."

నిస్సార్ కళ్ళు పూర్తిగా తెరిచాడు. "అది కొమ్ములు రాలే కాలం నసీమా. మగదుప్పులకు ఏడాదికొకసారి రాల్తాయి. బుక్కులో ఉండాది."

"రాల్తాయిలే. మగదుప్పి నిలబడి పిల్లకు పాలిస్తాదని కూడా బుక్కులో ఉండాదా?"

పాండురంగ నవ్విన నవ్వుకు చేతిలోని పట్టకారు కింద పడింది. విష్ణువర్ధన్ కడుపు పట్టుకున్నాడు. నిస్సార్ ఒక్కడే నవ్వకుండా కుర్చీ నిటారుగా జరుపుకున్నాడు. ఆయన ముఖం చూసి నసీమా గొంతు తగ్గించింది.

"రైఫిల్ ఎత్తిన మాట నిజమే. నేను చెవులు మూసుకున్యా. ఎంతసేపటికీ పేలకపోతే తొంగి చూసినా. రైఫిల్ ఒళ్ళో పెట్టుకోని కూర్చుండాడు. గ్రాహంకు ఏమీ రాలేదని చెప్పినాడు. ఆ తర్వాత రెండు శనివారాలు పోయి, ఆ ముసలాయన మొక్కలకు కంచె కట్టొచ్చినాడు. అరచేతుల నిండా బొబ్బలు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు."

పాండురంగ వంగి పట్టకారు తీసుకున్నాడు.

"పిల్ల ఎంతసేపు తాగిందంకుల్?" అని మెల్లగా అడిగాడు విష్ణువర్ధన్.

ఏడు దినాలంటాడో, నెలంటాడో అని ముగ్గురూ ఆయన వైపే చూశారు.

నిస్సార్ అహ్మద్ కొండ వైపు చూశాడు.

"రెండు నిమిషాలు," అన్నాడు. "అంతే."