రెండు కండ్ల నెమలి

"తాతా, ఈ యూరప్ బొమ్మల పుస్తకం నీకు యాడిది?"

అదా పాపా? బెంగుళూరులో ఫుట్‌పాత్ మీద కొన్న్యా. పన్నెండు రూపాయలు. కాదు, పదకొండు, ఒగ రూపాయి తగ్గిచ్చినాడు. ఆ దుడ్లకు అప్పుడు వారం కూరగాయలొస్తాండె, మీ అవ్వ రెండు దినాలు నాతో మాట్లాడలే.

మన ధర్మవరంలో చీరలకు డిజైన్లు గీస్తాంటి కదా, గ్రాఫ్ కాగితం మీద. ఈ ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పెట్టుకోని దినానికొక పేజీ చదివినా. ఇంప్రెషనిజం అనే పాఠం అయ్యేతలికే ఏడాది పట్టె. ఎండ మారితే వస్తువు రంగే మారుతాదంట. పెనుకొండ కొండను బస్సులోంచి ఎన్నితూర్లు చూసింటానో, నాకు తట్టలేదే అనుకున్న్యా. తర్వాత క్యూబిజం. ఒగే మొగాన్ని ముందునుంచీ పక్కనుంచీ ఒగేసారి చూపిస్తారు. టీ అంగడికాడ చెప్తే అందరూ నవ్విరి. ఆపొద్దుటి నుంచి నోరు మూసుకుంటి. చదివింది లోపలే పెట్టుకోని తిరిగేది చానా కష్టం పాపా. ఊరంతా మనోళ్లే, నేను మాత్రం ఒంటిగాన్ని.

అట్టలు కొట్టే సూరప్ప అని నా స్నేహితుడుండె. నేను గీసింది గడి గడి చూసి, మగ్గానికెక్కే అట్టలకు బొక్కలు కొడతాండె, ముప్పై ఏండ్లు. ఆ బొక్కలెట్లుంటే చీరలో బొమ్మ అట్లే పడతాది. ఒగతూరి ధైర్యం చేసి కొంగులోకి నెమలి గీసినా. పక్కకు తిరిగిన మొగమే గానీ కండ్లు రెండూ కనపడతాయి. చీర మగ్గం దిగినాక పోయి చూస్తే, ఒగటే కన్ను.

సూరప్ప నన్ను పక్కకు పిల్చి, "అన్నా, నీకు చూపు మసకలొచ్చినట్లుండాది. ఒగ కన్ను ఎక్కువ గీసినావు, నేనే సరిచేసినా. షావుకారికి చెప్పలేదులే" అనె. నా పని పోతాదని వాని భయం. "మంచి పని చేసినావప్పా" అన్న్యా. మర్సనాడు కండ్లాస్పత్రికి గూడా వాడే పిల్చకపోయె. అద్దాలు రాసిచ్చిరి, పెట్టుకుంటి.

వాడు పోయి నాలుగేండ్లాయె. ఇప్పుడు బాధయితాంది పాపా. నా బొమ్మను గడి గడి చూసినోడు లోకంలో వాడొక్కడే. ఈ పుస్తకం తెరిచి వాని ముందర పెట్టింటే, తిట్టేవాడో, నవ్వేవాడో, ఇద్దరమన్నా అయ్యేటోళ్లం. వానికేం తెలుస్తాదిలే అనుకున్న్యా. టీ అంగడోళ్లు నన్ను చూసినట్లే నేను వాన్ని చూసినా.

నువ్వు బొమ్మల చదువుకు పోతాండావు. బాగా చదువు. పక్కనోళ్లకు తెలీదులే అని మాత్రం ఊరికుండొద్దు, కూసోబెట్టి చూపీ. సల్లగుండు తల్లీ. నీతో కూసోని చూసేటోళ్లు నీకెప్పుడూ ఉండల్ల... ఒగరన్నా ఉండల్ల.