తుమ్ముల చలవ

ఆసుపత్రి వరండాలో నా పక్క బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె భర్త పరుపులు కుట్టేవాడు. డాక్టరు గదిలోంచి వచ్చాడు. అతని మెడ మీద మానిన ఆపరేషన్ గాటు ఉంది.

"ఏమన్నారండీ?"

"ఇక క్యాన్సరు జాడే లేదన్నారు."

"హమ్మయ్య! ఆ గడ్డ దూదికి తుమ్మీ తుమ్మీ వచ్చిందేమో అడిగారా?"

"అడిగాను. దూది పడకపోతే నరాలే తుమ్మిస్తాయట. ఆ నరాలకీ, అలర్జీకీ, క్యాన్సరుకీ ఏమన్నా చుట్టరికం ఉందా అని ఇంకా వెతుకుతూనే ఉన్నారట. తుమ్ముల వల్లే వచ్చిందని మాత్రం చెప్పలేమన్నారు."

"పోనీ, తెలీనిది తెలీదన్నారు. మంచాయన."

"నువ్వింకా మంచిదానివి. తుమ్ములకి మందిప్పిస్తానని ఇక్కడికి లాక్కొచ్చావు కాబట్టే కదా, డాక్టరు నా మెడ తడిమి గడ్డ పట్టుకున్నాడు."

"మీ ప్రాణం కోసమేం కాదు. మీ తుమ్ములకి నాకు నిద్రుంటేగా!"

"ఎందుకైతేనేం, నీ చలవే."

అంటూనే గట్టిగా తుమ్మాడు.

"ఇదిగో, మళ్ళీ మొదలయ్యాయి. ఇవాళ్టి నుంచి నేను వసారాలో పడుకుంటాలే, నువ్వు నిద్రపోదువు."

"చాల్లెండి. ఆపరేషన్‌కి మీరిక్కడున్నన్నాళ్ళూ ఇంట్లో చప్పుడు లేక నాకు కునుకే పట్టలేదు. నా పక్కనే పడుకుని తుమ్మండి."